పిన్ని పెట్టె, విన్నిపెగ్ చలి

బ్రాడీపేటలో పిన్ని వాళ్ల హాలు మధ్య రెండు పెట్టెలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పక్కనే లగేజీ కాటా పట్టుకుని బాబాయి. ఒక్కో పెట్టెకి 23 కిలోలు, అంతకి మించకూడదు. మొదటి పెట్టెలో అప్పటికే ఒక రగ్గు, బాబాయి ఎప్పుడో సిమ్లాలో కొన్న స్వెట్టరు, రెండు మంకీ క్యాపులు, మూడు శాలువాలు చేరిపోయాయి. గోంగూర పచ్చడికి చోటు లేదని పిన్ని మొహం ముడుచుకుంది.

సంక్రాంతి వెళ్లగానే చెల్లెలి పురిటికి ఇద్దరూ కెనడాలోని విన్నిపెగ్ వెళ్తున్నారు. నేను ఏడేళ్లుగా అక్కడే, ముసలివాళ్లని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. సెలవు మీద గుంటూరు వచ్చాను కదా, సర్దిపెట్టమని పిలిచారు.

"ముందు నీకు మంచి జాకెట్టు చూడాలి పిన్నీ" అన్నాను.

"ఆరు కుట్టించాగా అమ్మడూ. చలని మోచేతుల దాకా చేతులు పెట్టించా."

నవ్వాను గానీ, మొదటిసారి వెళ్లినప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు? చలంటే ధనుర్మాసంలో తెల్లారుజామున ముగ్గేస్తుంటే వేళ్లకి తగిలేదే. ఎంత బరువు బట్ట వేస్తే అంత వెచ్చన అనుకునేదాన్ని. ఆ ఏడాది జనవరిలో లోపల కాటన్ బనీను, కాటన్ లెగ్గింగు, వాటి మీద జీన్సు, దళసరి స్వెట్టరు, ఆపైన కోటు వేసుకుని ఉదయం షిఫ్టుకి బయల్దేరాను. బస్సు కనపడింది, పరిగెత్తాను, అందలేదు. మళ్లీ బస్సు ఇరవై నిమిషాలకి. పరుగుకి పట్టిన చెమట ఐదు నిమిషాల్లో చన్నీళ్లలో ముంచిన గుడ్డలా వీపుకి అంటుకుంది. ఒణుకు మొదలైతే ఆగలేదు.

కాటన్ మన ఎండలకి పుట్టిన బట్ట. చెమట పీల్చుకుని తడిగా ఉంటుంది కాబట్టే మే నెలలో మనకి హాయి. అక్కడ ఆ తడే కొంప ముంచుతుంది. ఒంటి వేడిని గాలి కంటే నీళ్లు సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి.

డ్యూటీకి చేరేసరికి కుడిచేతి వేళ్ల చివర్లు పాలిపోయి, గిల్లినా తెలియడం లేదు. రెండు చేతులూ గట్టిగా రుద్దుకోబోతే, నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ గభాలున ఆపింది. రుద్దితే చర్మం దెబ్బతింటుందట. గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టించి, ఆ ఆదివారం నన్ను పాత బట్టల దుకాణానికి లాక్కెళ్లింది. తనూ మనలాంటి ఉక్కపోత దేశం నుంచి వచ్చిన మనిషే, అందుకే నా అవస్థ చెప్పకుండానే అర్థమైంది. ఆ రోజు ఆవిడ ఏరిపెట్టిన కోటే ఇప్పటికీ వేసుకుంటున్నాను.

ఆవిడ నాకు చెప్పిందే పిన్నికి చెప్పాను. ఒంటిని అంటుకుని పల్చటి థర్మల్స్, ఉన్నివి గానీ పాలిస్టర్‌వి గానీ, కాటన్ కాకుండా. వాటి మీద ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే పాలిస్టర్ బట్ట) గానీ ఉన్ని స్వెట్టరు గానీ. ఆపైన గాలి దూరని కోటు. వెచ్చగా ఉంచేది బట్టల మధ్య చిక్కుకున్న గాలి. అందుకే బిగుతుగా నాలుగు వేసేకంటే వదులుగా మూడు నయం.

బాబాయి బ్యాంకులో రిటైరైన మనిషి, లెక్క తేలందే ఒప్పుకోడు. "ఎంత ఉంటుందమ్మా అసలు?"

"రాత్రిళ్లు -20 మామూలే. -25 ఉన్న రోజున 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి -39లా తగులుతుంది. విండ్ చిల్ అంటారు. -40 చెప్పే రోజులూ ఉంటాయి."

"సెల్సియసా, ఫారెన్‌హీటా?"

"-40 దగ్గర రెండూ ఒకటే బాబాయ్."

ఆయన నమ్మలేదు. కాగితం తీసుకుని లెక్క కట్టుకున్నాక మాట్లాడలేదు.

అంకెలు చెప్తే భయపడతారు గానీ అర్థం కాదు. సీజన్లో మిర్చి యార్డు పక్కనుంచి వెళ్తే ముక్కులోకి ఘాటెక్కి దగ్గొస్తుందే, -30లో తలుపు తీసుకుని బయటికి అడుగుపెట్టిన మొదటి శ్వాస అచ్చం అలాగే ఉంటుంది. మఫ్లరు ముక్కు మీదికి లాక్కుంటే తగ్గుతుంది. పోర్టేజ్, మెయిన్ వీధులు కలిసే కూడలిలో గాలికి పేరు మరి. బాబాయి మంకీ క్యాపుని మాత్రం నేను వెక్కిరించలేదు. అక్కడ స్కీయింగ్ వాళ్లు వేసుకునేది దాదాపు అదే, పేరు వేరు.

అసలు తిప్పలు లోపలికొచ్చాక. ఇళ్లల్లో, మాల్స్‌లో హీటర్లు పెట్టి 21, 22 డిగ్రీలు ఉంచుతారు. కేర్ హోమ్‌లో నేను పొట్టి చేతుల యూనిఫారంతో తిరుగుతాను. సిమ్లా స్వెట్టరు లాంటిది ఒక్కటే వేసుకెళ్తే బయట చాలదు, లోపల ఉడికిపోతారు. తీసి పక్కన పెట్టగలిగినవే పనికొస్తాయి. ఆ పొడిగాలికి పెదాలు పగులుతాయి, కాళ్లు దురదలు. వాజెలిన్ ఒక డబ్బా వేశాను.

కాళ్ల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. బూట్లు అక్కడే కొనాలి, అదీ ఒక సైజు పెద్దవి. బిగుతైతే రక్తం ఆడక వేళ్లు ఇంకా ముందు చల్లబడతాయి. రెండు జతల మేజోళ్లు కుక్కుకోవడం కూడా ఆ తప్పే. పిన్నికి మెట్టెలున్నాయి. బూటులో అవి పక్కవేలిని ఒరుసుకుంటాయి, నాకు పుండు పడింది. "బయటికెళ్లేటప్పుడు తీసేయి" అన్నాను. పిన్ని బాబాయి వంక చూసింది. ఆయన కాటా వంక చూశాడు. సరే, రెండు సైజులు పెద్దవి కొందాంలే అని ఆ మాట వదిలేశాను.

చేతులకి వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కంటే, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన. ఫోను లోపలి జేబులో పెట్టుకోవాలి, చలికి బ్యాటరీ చటుక్కున పడిపోతుంది.

కోట్లు ఇక్కడ కొననివ్వలేదు. నాది ఒకటి, తనది ఒకటి మరిది ఎయిర్‌పోర్టుకే తెస్తాడు. థర్మల్స్, ఫ్లీస్, టోపీ, గ్లౌజులు మాత్రం చేతిసంచిలో పెట్టించాను. నేను వెళ్లినప్పుడు కోటు పెద్ద పెట్టెలో వేశాను. పెట్టె మర్నాడొచ్చింది. అలాగని గన్నవరం నుంచే అన్నీ వేసుకు కూర్చోవద్దు, టొరంటోలో విమానం మారేటప్పుడు వేసుకుంటే చాలు.

మిగిలింది చీర. లోపల థర్మల్ ప్యాంటు వేసుకుని చీర కట్టొచ్చు, సంక్రాంతి పేరంటాలకి మేమూ అలాగే వెళ్తాం, కారు దిగి గుమ్మంలోకి. కానీ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ బురదలో కుచ్చిళ్లు తడిస్తే మోకాళ్ల దాకా చలి పాకుతుంది, ఆరాక తెల్లటి చారలు. అందుకని అరండల్‌పేటలో రెండు చుడీదార్లు కొన్నాం. పిన్నికి అరవై రెండేళ్లు, ఒక్కసారి కూడా వేసుకుని ఎరగదు.

గదిలోంచి ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక చున్నీ రెండు భుజాల మీదుగా కప్పి, పిన్నులు పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. "గేటు దగ్గర పువ్వులమ్మాయి ఉందేమో చూడవే" అంది. లేదన్నాను, నిజానికి ఉంది.

ఈలోగా బాబాయి రగ్గు, రెండు శాలువాలు, సిమ్లా స్వెట్టరు తీసేసి పెట్టెని కాటాకి తగిలించాడు.

"పద్దెనిమిది" అన్నాడు.

పిన్ని ఆ చుడీదారుతోనే వంటింట్లోకి వెళ్లి గోంగూర జాడీ దింపింది.