వేడి వేరు, యూవీ వేరు: తిరుపతి నుంచి ఫోటోఇమ్యునాలజీ ల్యాబులకు వెళ్ళేవాళ్ళకి

తిరుపతిలో పెరిగినవాళ్ళం ఎండను వేడితోనే కొలుస్తాం. రోణి ఎండలో అలిపిరి మెట్లెక్కినవాళ్ళకి వేరే కొలత తోచదు కూడా. విదేశాల్లో ఫోటోఇమ్యునాలజీలో, అంటే కాంతి మన రోగనిరోధక శక్తిని ఏం చేస్తుందో చూసే పనిలో, చేరాక ముందు వదులుకోవాల్సింది ఆ అలవాటునే. ఎండలోని అతినీలలోహిత కాంతిని యూవీ అంటారు; అందులో చర్మపు రోగనిరోధక శక్తిని అణిచే భాగమైన యూవీబీకి వేడి లేదు, అది కంటికీ కనబడదు.

1974లో రోగనిరోధక శాస్త్రవేత్త మార్గరెట్ క్రిప్కీ ఒక సంగతి బయటపెట్టారు. యూవీ వల్ల ఎలుకలకు వచ్చిన చర్మపు గడ్డలను మామూలు ఎలుకల్లో నాటితే ఎక్కువ భాగం నిలవలేదు. రోగనిరోధక శక్తి తగ్గించిన ఎలుకల్లో మాత్రం పెరిగాయి. మరి యూవీ తగిలిన ఎలుకల్లో అవి ఎలా పెరిగాయన్న ప్రశ్న నుంచే ఈ రంగమంతా వచ్చింది.

ల్యాబులో రోజువారీ పని మాత్రం యూవీబీ ఇచ్చే ట్యూబులైట్లతోనే. వెలిగించాక పావుగంట ఆగండి, కాంతి నిలకడగా రావాలి. కాంతిని కొలిచే మీటరు సెన్సరును కణాలున్న డిష్ ఉండే ఎత్తులోనే పెట్టండి. చదరపు మీటరుకు 2 వాట్లు చూపిస్తే 100 సెకన్లకు 200 జౌళ్ళు. ట్యూబు కొసల్లో కాంతి తగ్గుతుంది కాబట్టి నడిమి భాగమే వాడాలి. ట్యూబుకూ డిష్‌కూ మధ్యలో సెల్యులోజ్ ట్రైఅసిటేట్ అనే ప్లాస్టిక్ షీటు తప్పనిసరి. అది లేకపోతే 290 నానోమీటర్ల లోపు కాంతి కూడా పడి కణాలు చస్తాయి. నేలకు చేరే ఎండలో ఆ కాంతే ఉండదు, ఇక ఆ ఫలితం ఎండ గురించి ఏం చెబుతుంది? వాడేకొద్దీ షీటూ పాడవుతుంది, ఎన్ని గంటలు వెలిగిందో రాసిపెట్టుకుని మార్చాలి.

కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది డిష్ మూత దగ్గర. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ మూత యూవీబీలో కొంత భాగాన్ని ఆపేస్తుంది. మీటరు లెక్క సరిగ్గానే ఉంటుంది, కణాలకు చేరేది మాత్రం అంతకంటే తక్కువే. మూత తీయండి. కణాలు పెరిగే ఎర్రటి ద్రవాన్ని, అంటే మీడియాన్ని, కూడా తీసేసి, ఒకసారి కడిగి, పలుచగా పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం పోయండి. ఆ ఎరుపు ఫినాల్ రెడ్ అనే రంగుది, అది కాంతిని పీల్చుకుని కణాలకు హాని చేసే పదార్థాలను పుట్టిస్తుంది. పోలికకు పెట్టే డిష్‌ను కూడా అంతేసేపు పీబీఎస్‌లోనే, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి అక్కడే ఉంచాలి. ఇన్‌క్యుబేటర్‌లో వదిలేస్తే అది పోలికే కాదు.

గ్లవ్‌కూ కోటు చేతికీ మధ్య మణికట్టు దగ్గర కాస్త సందు మిగులుతుంది, కాలేది అక్కడే. ముఖానికి పాలీకార్బనేట్ షీల్డు వేసుకోండి. కళ్ళకు తగిలితే అప్పుడేం తెలియదు, కొన్ని గంటలయ్యాక ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి.

బ్రిటన్‌లో అయితే అక్టోబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా ఎండ కాసినా విటమిన్ డి తయారయ్యేంత యూవీబీ అందదు. అక్కడి ఆరోగ్యశాఖ ఆ నెలల్లో రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి మాత్ర తీసుకోవడం గురించి ఆలోచించమంటుంది, మనలాంటి చామనఛాయ, నల్లని ఒంటివాళ్ళనైతే ఏడాది పొడవునా తీసుకోవడం గురించి ఆలోచించమంటుంది. కిటికీ పక్కన కూర్చుంటే చాలనుకోకండి, మామూలు గాజు యూవీబీని లోపలికి రానివ్వదు.