వణికే అమ్మీటర్ ముల్లు: పాత సెస్నా 172లో ఛార్జింగ్ లోపం పట్టుకున్న తీరు

సెస్నా 172 ఒంటి ఇంజిన్ చిన్న విమానం. పాత సెస్నాలో ఛార్జింగ్ సరిగా లేదనగానే ముందు వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ మారుస్తారు. తగ్గకపోతే ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, అప్పటికీ తగ్గకపోతే బ్యాటరీ. మూడూ కొత్తవి పడ్డాక కూడా కరెంటు చూపించే అమ్మీటర్ ముల్లు అలాగే వణుకుతూ ఉంటుంది. అమెరికాలో నేను నడిపే 1975 నాటి 172ఎంలో వచ్చిన లోపం సరిగ్గా ఇలాంటిదే. ఒక్క విడిభాగం కొనకముందే మామూలు మల్టీమీటర్‌తో దాని చోటు ఎలా తేల్చవచ్చో ఇక్కడ రాస్తున్నాను.

నాది 14 వోల్టుల విమానం. 12 వోల్టుల బ్యాటరీ, 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్. 1978 మోడల్ నుంచి 172లు 28 వోల్టులకు మారాయి. వాటికి నేనిచ్చే వోల్టుల అంకెలు సుమారు రెట్టింపు చేసుకోండి, వెతికే పద్ధతి మాత్రం ఇదే. ఇంకో సంగతి. అమెరికాలో బ్యాటరీ మార్చుకోవడం వరకూ యజమాని అయిన పైలట్ సొంతంగా చేసుకోవచ్చు. స్విచ్, బ్రేకర్, ఆల్టర్నేటర్ జోలికి వెళ్తే ఏ అండ్ పీ (విమానం బాడీ, ఇంజిన్ పనులకు లైసెన్సున్న) మెకానిక్ పర్యవేక్షణ, లాగ్‌బుక్‌లో ఆయన సంతకం తప్పనిసరి. మన దగ్గర ఫ్లయింగ్ క్లబ్బుల్లో తిరిగే 152లు, 172ల మీదైతే లైసెన్సున్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్) ఉండాల్సిందే.

లక్షణాలు

ముందు అమ్మీటర్ ఏం చూపిస్తుందో స్పష్టంగా తెలియాలి. ఈ విమానాల్లో అది బ్యాటరీలోకి వెళ్తున్న, లేదా బ్యాటరీ నుంచి వస్తున్న కరెంటునే చూపిస్తుంది. ఆల్టర్నేటర్ మోస్తున్న మొత్తం లోడును కాదు. బ్యాటరీ నిండాక ముల్లు సున్నాకి కాస్త కుడివైపున నిలబడితే అంతా బాగున్నట్టే. నా విమానంలో ముల్లు సున్నాకి అటూ ఇటూ గబగబా ఊగేది. ల్యాండింగ్ లైటు, పిటో హీట్ (వేగం కొలిచే గొట్టాన్ని వేడిచేసే హీటర్) వేస్తే ఊగడం ఎక్కువయ్యేది. ఒక్కోసారి ఎర్రటి హై వోల్టేజ్ లైటు వెలిగి ఛార్జింగ్ పూర్తిగా ఆగిపోయేది. మాస్టర్ స్విచ్ రెండు సగాలూ (బ్యాటరీకి బ్యాట్, ఆల్టర్నేటర్‌కి ఆల్ట్) ఆపి మళ్ళీ వేస్తే తిరిగి వచ్చేది.

సిగరెట్ లైటర్ సాకెట్లో చిన్న డిజిటల్ వోల్టుమీటర్ పెట్టి చూస్తే అసలు ఆధారం దొరికింది. ఇంజిన్ 1,700 ఆర్‌పీఎం దగ్గర, లోడు తక్కువగా ఉన్నప్పుడు బస్ బార్ (పరికరాలన్నిటికీ కరెంటు పంచే లోహపు పట్టీ) మీద 14.3 వోల్టులు. లైట్లన్నీ వేస్తే 14.8. లోడు పెంచితే వోల్టేజీ కొంచెం తగ్గాలి, లేదా అలాగే ఉండాలి. పెరిగిందంటే లోపం ఆల్టర్నేటర్‌లో కాదు, ఫీల్డు సర్క్యూట్ (ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంత కాయిల్‌కి కరెంటు ఇచ్చేది) దారిలో ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఎందుకు పెరుగుతుంది?

బస్ బార్ నుంచి ఫీల్డు కరెంటు వెళ్ళే దారి ఇది: ఫీల్డు బ్రేకర్, మాస్టర్ స్విచ్‌లోని ఆల్ట్ సగం, ఓవర్ వోల్టేజ్ సెన్సర్, రెగ్యులేటర్, అక్కడి నుంచి ఆల్టర్నేటర్ ఎఫ్ టెర్మినల్. రెగ్యులేటర్ బస్ వోల్టేజీని తెలుసుకునేది కూడా ఇదే తీగ మీదుగా. చిక్కంతా ఇక్కడే. దారిలో ఎక్కడో ఒక కాంటాక్టు నల్లబడి అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. 2 ఆంపియర్లు పారేసరికి అక్కడ 1 వోల్టు పోతుంది. బస్ మీద 14 వోల్టులున్నా రెగ్యులేటర్‌కి 13 మాత్రమే కనిపిస్తాయి. తక్కువైందనుకుని అది ఫీల్డు కరెంటు పెంచుతుంది. కరెంటు పెరిగితే మధ్యలో పోయే వోల్టేజీ కూడా పెరుగుతుంది, రెగ్యులేటర్ ఇంకా పెంచుతుంది. తర్వాత ఒక్కసారిగా ఎక్కువైందని గ్రహించి తెంపేస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ ఎక్కుడు దిగుడే ముల్లు వణుకుగా కనిపిస్తుంది. శిఖరం 16 వోల్టుల చుట్టుపక్కలకు చేరితే ఓవర్ వోల్టేజ్ సెన్సర్ ఫీల్డును కోసేస్తుంది. అంటే సెన్సర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దాన్ని దోషిగా చూసి మార్చేస్తే డబ్బు దండగ.

వైరింగు పనికి అందరూ చూసే అమెరికా విమానయాన సంస్థ సలహా పత్రం ఏసీ 43.13-1బి, 14 వోల్టుల సిస్టమ్‌లో నిరంతరం పనిచేసే లోడుకు 0.5 వోల్టు నష్టాన్ని అనుమతిస్తుంది. దీపానికి అది సరే. ఫీల్డు దారిలో అరవోల్టు పోతే మాత్రం ముల్లు ఊగడం మొదలవుతుంది. ఈ దారి మొత్తం మీద 0.2, మహా అయితే 0.3 వోల్టు దాటకూడదన్నది నేను పాటించే హద్దు.

కొలతలకు ముందు

బ్యాటరీ బాగుందో లేదో తేలకుండా మిగతా ఏ కొలతనూ నమ్మకూడదు. పూర్తిగా ఛార్జ్ చేసి, కొన్ని గంటలు వదిలేసి చూస్తే 12.7 వోల్టులు, సీల్డ్ రకమైతే ఇంకాస్త ఎక్కువ రావాలి. పోస్టుల మీద తెల్లటి పొడి ఉంటే శుభ్రం చేయాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

తర్వాత బెల్టు. లైకమింగ్ ఇంజిన్‌లో ఇది ప్రొపెల్లర్ వెనకున్న రింగ్ గేర్ సపోర్టు మీదుగా తిరుగుతుంది కాబట్టి మార్చాలంటే ప్రొపెల్లర్ విప్పాల్సిందే. బిగువు చూడటానికి మాత్రం విప్పనక్కర్లేదు. ఆల్టర్నేటర్ పుల్లీ నట్టు మీద టార్క్ రెంచి పెట్టి, పుల్లీ ఎప్పుడు జారుతుందో చూస్తే చాలు. లైకమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1129 ప్రకారం 3/8 అంగుళం బెల్టు కొత్తదైతే 11 నుంచి 13 అడుగు పౌండ్లు, వాడినదైతే 7 నుంచి 9. బెల్టు వదులైతే లోడు పెరిగినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. నా లక్షణానికి అది పూర్తిగా తిరగబడి ఉంది.

అసలు పరీక్ష

ఇది ఇంజిన్ ఆపి చేసేది. మాగ్నెటోలు (ఇంజిన్‌లో ఇంధనం అంటించే నిప్పురవ్వ పుట్టించేవి) ఆఫ్, తాళం జేబులో, ప్రొపెల్లర్ తిరిగే పరిధిలో ఎవరూ ఉండకూడదు. మాస్టర్ రెండు సగాలూ వేయండి. ఇంజిన్ తిరగనప్పుడు బస్ మీద 12 చిల్లర వోల్టులే ఉంటాయి కాబట్టి రెగ్యులేటర్ పూర్తి ఫీల్డు కరెంటు వదులుతుంది. కాంటాక్టుల అసలు రంగు బయటపడేది ఇలా కరెంటు పారుతున్నప్పుడే. స్విచ్ విప్పి ఓమ్‌మీటర్ పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది. మీటర్ పంపే పిసరంత కరెంటుకు ఆ నిరోధం కనిపించదు.

మీటర్‌ను డీసీ వోల్టులకు పెట్టి, ఎర్ర తీగ కొసను బస్ బార్ మీద ఉంచండి. నల్ల తీగ కొసతో దారి పొడవునా ఒక్కో చోటా తాకుతూ పోండి. మీటర్ చూపించేది నేరుగా నష్టమే, లెక్కలు అక్కర్లేదు. నాకు వచ్చినవి:

బ్రేకర్ అవతలి కొస దగ్గర 0.15
మాస్టర్ స్విచ్ అవతల 0.70
రెగ్యులేటర్ ప్లగ్ దగ్గర 0.90

అంటే బ్రేకర్‌లో 0.15, స్విచ్‌లో 0.55, ఓవర్ వోల్టేజ్ సెన్సర్, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) ప్లగ్ కలిపి 0.20. స్విచ్ దగ్గర తాకుతున్నప్పుడు ఆల్ట్ రాకర్‌ను వేలితో మెల్లగా పక్కకు నొక్కితే అంకె 0.3కి దిగి, వదలగానే మళ్ళీ ఎగబాకింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఈ పరీక్ష రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. గాలి తగలని రోటర్ కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా దిగుతుంది. పని అయ్యేలోపు ఇంకొకటి చూసుకోవచ్చు. ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గరికి ఉక్కు స్క్రూడ్రైవర్ తీసుకెళ్తే అయస్కాంతంలా లాగాలి. లాగితే ఫీల్డు కాయిల్‌కి కరెంటు అందుతోందని అర్థం. ఒక హెచ్చరిక: ఎఫ్ తీగను పొరపాటున కూడా ఇంజిన్ బాడీకి తాకించకండి, సాలిడ్ స్టేట్ రెగ్యులేటర్ ఆ క్షణమే పోతుంది.

గ్రౌండ్ (నెగటివ్) వైపు కూడా వదలకూడదు. రెగ్యులేటర్ పెట్టె ఫైర్‌వాల్‌కి బిగించిన చోట రంగు, తుప్పు ఉంటే అది కూడా సరిగ్గా ఇదే వణుకు తెస్తుంది. పెట్టెకూ బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మధ్య నాకు 0.03 వచ్చింది, అది బాగున్నట్టే.

స్విచ్ ఎందుకు పాడవుతుంది?

బ్యాట్ సగం మోసేది కాంటాక్టర్ (బ్యాటరీని సర్క్యూట్‌కి కలిపే రిలే) కాయిల్ కరెంటే, కొంచెమే. ఆల్ట్ సగం ఫీల్డు కరెంటు మొత్తాన్ని మోస్తుంది. ఇంజిన్ ఆగాక మనం మాస్టర్ ఆపే ప్రతిసారీ, పూర్తి ఫీల్డు కరెంటు మోస్తున్న కాయిల్‌ను తెంపుతున్నాం. కాయిల్‌ను తెంపితే నిప్పురవ్వ తప్పదు. దశాబ్దాల తరబడి ఇలా రవ్వలు కొడితే కాంటాక్టు నల్లబడక ఏం చేస్తుంది? కాంటాక్ట్ క్లీనర్ చల్లితే కొద్ది రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. మార్చడమే సరైన పని.

మా మెకానిక్ పర్యవేక్షణలో ఆమోదం ఉన్న కొత్త స్విచ్, కొత్త ఫీల్డు బ్రేకర్ వేశాం. ఆ దారిలోని పాత టెర్మినళ్ళు కోసేసి సరైన ర్యాచెట్ క్రింపర్‌తో కొత్తవి వేశాం. ఫైర్‌వాల్ ప్లగ్ పిన్నులు శుభ్రం చేశాం. అదే పరీక్ష మళ్ళీ చేస్తే మొత్తం నష్టం 0.18. ఇంజిన్ వేసి చూస్తే లోడు లేనప్పుడు 14.0, అన్నీ వేసినప్పుడు 14.1. ముల్లు నిలకడగా నిలబడింది. రెగ్యులేటర్, ఆల్టర్నేటర్ పాతవే.

లక్షణాలు వేరైతే

ముల్లు వణక్కుండా నిలకడగా డిశ్చార్జ్ చూపిస్తే దారి వేరు. ఫీల్డు బ్రేకర్ మళ్ళీ మళ్ళీ తెగుతుంటే ఎఫ్ టెర్మినల్ ఇన్సులేటర్ పగిలిందేమో, తీగ ఎక్కడైనా ఒరుసుకుందేమో చూడండి. ఎఫ్ తీగ విప్పి, టెర్మినల్‌కూ బాడీకీ మధ్య ఓమ్‌లు కొలిస్తే 14 వోల్టుల ఆల్టర్నేటర్‌లో సాధారణంగా 3 నుంచి 6 మధ్య ఉంటుంది. బెల్టు వదులు చేసి పుల్లీని చేత్తో తిప్పుతున్నప్పుడు ఆ అంకె ఎగిరెగిరి పడుతుంటే బ్రష్‌లు అరిగాయి. హెడ్‌సెట్‌లో ఆర్‌పీఎంతో పాటు సన్నటి ఈల పెరుగుతూ, లోడు వేస్తే ఆల్టర్నేటర్ చేతులెత్తేస్తుంటే ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్ మీద అనుమానం. మీటర్‌ను ఏసీకి మార్చి బస్ మీద కొలవండి, 0.2 దాటితే ఆల్టర్నేటర్ విప్పాల్సిందే.

గాల్లో ఉండగా ఛార్జింగ్ పోతే కంగారు వద్దు. మాగ్నెటోలకు బ్యాటరీతో పని లేదు, ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. హ్యాండ్‌బుక్ చెప్పినట్టు ఒక్కసారి రీసెట్ చేయండి. రాకపోతే ఆల్ట్ సగం ఆపి, ఒక రేడియో, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పరికరం) మినహా అన్నీ కట్టేయండి. ఫ్లాప్స్ కూడా కరెంటువే కాబట్టి వాటికి కొంత మిగలాలి. పాత బ్యాటరీ మీద అరగంటకు మించి ఆశ పెట్టుకోకుండా దగ్గరి ఎయిర్‌పోర్టులో దిగండి.

ఇప్పుడు ప్రతి వార్షిక తనిఖీలోనూ బస్ నుంచి రెగ్యులేటర్ దాకా పోయే వోల్టేజీ కొలిచి, తేదీతో సహా రాసి పెడుతున్నాం. 0.3 దాటిన ఏడాది ముల్లు ఇంకా నిలకడగానే ఉన్నా సరే, ఆ దారి విప్పి చూస్తాం.