స్విఫ్ట్‌లో మృదంగం వినబడేదాకా: నా మొదటి కారు ఆడియో అనుభవం

ఉండేది తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో. రోజూ చంద్రగిరి, పూతలపట్టు మీదుగా పోయి రావాలి. దారంతా పాటలే తోడు: అన్నమయ్య సంకీర్తనలు, పాత కచేరీ రికార్డింగులు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఇళయరాజా. సెకండ్ హ్యాండులో తీసుకున్న స్విఫ్ట్ నాది. కంపెనీ స్టీరియో, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు, పైస్థాయి శబ్దం పలికే చిన్న స్పీకర్లు, అంటే ట్వీటర్లు, లేవు. ఇంట్లో హెడ్‌ఫోన్సులో వినే మృదంగం ఈ కారులో సగమే వినబడేది. కుడివైపు దెబ్బలు టకటకమని తెలుస్తాయి, ఎడమవైపు తొప్పి నుంచి వచ్చే ‘ధుం’ మాత్రం చంద్రగిరి దాటి స్పీడు అందుకోగానే మాయమైపోతుంది.

దానికి కారణం తెలుసుకున్నాకే పని మొదలుపెట్టినాను. కారు ఎనభైలో పోతున్నప్పుడు టైర్ల నుంచి, రోడ్డు నుంచి లోపలికి వచ్చే రొదలో ఎక్కువ భాగం కింది స్థాయి శబ్దమే. తొప్పి, తంబురా, వయొలిన్ మంద్రస్థాయి ఉండేదీ అక్కడే. రొద వాటిని కప్పేస్తుంది. సరే అని వాల్యూమ్ పెంచితే గొంతు గీరుకుపోతుంది, ఎందుకంటే స్టీరియో దగ్గర అంత బలం లేదు. చాలా స్టీరియోల మీద ‘50×4’ అని, అంటే నాలుగు స్పీకర్లకు ఒక్కోదానికి 50 వాట్లని, రాసి ఉంటుంది. లెక్క వేసి చూడండి. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది మహా అయితే 14.4 వోల్టులు. స్టీరియోలోని చిప్పు దాన్ని పెంచుకోలేదు, ఉన్నదాన్నే అటూ ఇటూ తిప్పి స్పీకరుకు ఇస్తుంది. 14.4ను 14.4తో హెచ్చించి, స్పీకరు 4 ఓంలు కాబట్టి దానికి రెట్టింపు 8తో భాగిస్తే సుమారు 26 వాట్లు. శబ్దం చెడకుండా ఇవ్వగలిగే గరిష్ఠ హద్దు అది. చిప్పులోనే పోయేది పోగా చేతికొచ్చేది 15 నుంచి 20 వాట్లు. శబ్దం బలాన్ని పెంచేందుకు విడిగా పెట్టే యాంప్లిఫయర్‌కు (యాంప్) సొంత పవర్ సప్లై ఉంటుంది, ముందు వోల్టేజిని పెంచుకుని ఆ తర్వాత స్పీకరుకు ఇస్తుంది. యాంప్ అవసరం అంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

తిరుపతిలో కార్ యాక్సెసరీస్ షాపులు నాలుగైదు తిరిగినాను. చాలాచోట్ల మొదటి మాట ఒకటే: “ముందు బేస్ ట్యూబ్ వేయించుకోండి సార్, అద్దాలు అదిరిపోతాయి.” డిక్కీలో పెట్టే గొట్టం లాంటి బేస్ స్పీకరు అది. నాకు అద్దాలు అదరడం కాదు, మృదంగం కావాలని చెప్పినాను. ఒక షాపులో 1800 వాట్లని పెట్టె మీద పెద్దక్షరాలతో ఉన్న యాంప్ చూపించినారు. దాన్ని తిప్పి వెనక ఫ్యూజు చూసినాను. 30 ఆంపియర్లు. 30ని 14తో హెచ్చిస్తే 420. బ్యాటరీ నుంచి నిలకడగా 420 వాట్లకు మించి తీసుకోలేని యాంప్ 1800 వాట్లు ఎక్కడి నుంచి ఇస్తుంది? అందులోనూ కొంత వేడిగా పోతుంది. పెట్టె మీద పెద్దగా కనబడేది పీక్ పవర్, క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవని లెక్క. చూడవలసింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్, ఒక్కటే. దాని పక్కనే ఎన్ని ఓంలకు, ఎన్ని వోల్టుల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో, అంటే శబ్దం ఎంత చెడి, అన్నది కూడా రాసి ఉంటే ఆ కంపెనీని నమ్మవచ్చు. 14.4 వోల్టులు, 4 ఓంలు, 1 శాతం లోపు డిస్టార్షన్ అని ఉంటే అది అందరూ ఒప్పుకున్న పద్ధతిలో కొలిచిన అంకె. మొదటిసారి కొనేవాళ్ళు ఎవరైనా సరే, ఈ ఫ్యూజు లెక్క నేర్చుకుని షాపులోకి అడుగుపెట్టండి.

నేను పెట్టుకున్న వరుస ఇది: ముందు స్పీకర్లు, వాటితోపాటే డోర్ల పని, కొన్నాళ్ళు విన్నాక యాంప్. బేస్ మాత్రమే పలికే పెద్ద స్పీకరు, అంటే సబ్ వూఫర్, గురించి ఆలోచన చివరికి. డబ్బులు నలభై వేలకు మించకూడదు.

స్పీకర్లలో కోయాక్సియల్, కాంపొనెంట్ అని రెండు రకాలు. కోయాక్సియల్‌లో ట్వీటరు పెద్ద కోన్ మధ్యలోనే ఉంటుంది, డోరులో మోకాలి దగ్గర నుంచి పాడుతుంది. కాంపొనెంట్‌లో ట్వీటరు విడిగా వస్తుంది కాబట్టి అద్దం పక్కన ముక్కోణం దగ్గర పెట్టుకోవచ్చు. గాయకుడు కాళ్ళ దగ్గర కాకుండా ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు వినిపించేది ఇందువల్లే. ముందు డోర్లకు కాంపొనెంట్ అని అప్పుడే తేల్చుకున్నాను. వెనక స్పీకర్లను ముట్టుకోలేదు. ముందు కూర్చుని వినేవాడికి వెనక నుంచి వచ్చే శబ్దం పెద్దగా చేసే మేలు లేదు. ఆ డబ్బు కూడా ముందు డోర్లకే పెట్టడం మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆరున్నర అంగుళాల స్పీకరు అంటే చాలదు, లోతు కూడా చూడాలి. డోరులో అద్దం కిందికి దిగినప్పుడు అయస్కాంతానికి తగలకూడదు. అద్దాన్ని పూర్తిగా దించి, స్పీకరు కూర్చునే రేకు నుంచి అద్దం దాకా స్కేలుతో కొలుచుకుని ఆ అంకె ఫోనులో రాసుకున్నాను. తర్వాత సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా పలుకుతుందన్నది డెసిబెల్లలో చెబుతారు. మూడు డెసిబెల్లు ఎక్కువ ఉన్న స్పీకరు సగం వాట్లతోనే అంతే గట్టిగా మోగుతుంది. కాబట్టి 88 ఉన్నదానికి 100 వాట్లు కావాలంటే 91 ఉన్నదానికి 50 చాలు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు ఒక వాటుకు బదులు 2.83 వోల్టుల దగ్గర కొలిచి రాస్తాయి. 8 ఓంల స్పీకరుకు అది సరిగ్గా ఒక వాటు. మన కారు స్పీకరు 4 ఓంలు కాబట్టి రెండు వాట్లవుతుంది. అంటే అంకె ఊరికే మూడు డెసిబెల్లు పెరిగి కనబడుతుంది. రెండు సెట్లు పోల్చేటప్పుడు ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే 2.83 వోల్టుల అంకె నుంచి మూడు తీసేసి పోల్చినాను. నాకు నచ్చిన సెట్టు అట్లా తీసేశాక కూడా 90 దగ్గర నిలబడింది. ఆర్‌ఎంఎస్ 60 వాట్లు.

వినకుండా మాత్రం కొనలేదు. మా చిన్నాన్న కొడుకు చెన్నైలో ఉంటాడు. వాడితో కలిసి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో షాపులు చూసినాము. డెమో బోర్డు మీద అన్ని స్పీకర్లూ బాగానే పలుకుతాయి, ఎందుకంటే వాటి వెనక గట్టి చెక్కపెట్టె ఉంటుంది. డోరులో అది ఉండదు. అందుకే బోర్డు మీద బేస్ ఎంత వస్తుందన్నది పట్టించుకోకుండా పైస్థాయిని మాత్రమే విన్నాను. పెన్‌డ్రైవులో ఏళ్ళ తరబడి వింటున్న రికార్డింగులు తీసుకుపోయినాను: ఒక స్త్రీ గొంతు, ఒక మృదంగం తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం), ఒక నాదస్వరం. నాదస్వరం చాలా పనికొచ్చింది. తారస్థాయిలో అది పలికేటప్పుడు లోహపు డోమ్ (శబ్దం పుట్టించే గుండ్రటి పొర) ఉన్న ఒక ట్వీటరు చెవిలో సూదిలా గుచ్చింది, సిల్క్ డోమ్ ఉన్నది నాదస్వరాన్ని నాదస్వరంగానే వినిపించింది. రోజూ గంటల తరబడి వినేవాడికి ఆ తేడా చిన్నది కాదు. “అన్నా, అది పలికితే గుళ్ళో నిలబడినట్టుంది” అన్నాడు మావాడు. అదే కొన్నాను.

డోర్ల పని గురించి ఎంత చెప్పినా తక్కువే. స్పీకరు కోన్ ముందుకు కదిలినప్పుడు వెనక వైపు కూడా అంతే శబ్దం, తిరగేసి, పుడుతుంది. డోర్ ప్యాడ్ తీసి చూస్తే లోపలి రేకుకు పెద్ద పెద్ద రంధ్రాలు, వాటి మీద పలుచటి ప్లాస్టిక్ కాగితం. వెనక శబ్దం ఆ రంధ్రాల్లోంచి బయటికొచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. తొప్పి ‘ధుం’ మాయమవడానికి రోడ్డు రొద ఒక కారణమైతే ఇది రెండోది. పైగా బయటి రేకు పలుచన, వేళ్ళతో తడితే డబ్బాలా మోగుతుంది. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర ఈ పని పెట్టుకున్నాను. బయటి రేకు లోపలి వైపున రేకు అదురును ఆపే బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) డ్యాంపింగ్ షీట్లు రోలరుతో గట్టిగా అద్దినాము. రంధ్రాలను పలుచటి అల్యూమినియం రేకుతో మూసి, దాని మీద మళ్ళీ షీటు అతికించినాము. షీటు కొనేటప్పుడు బ్యూటైలా, తారుదా అని అడిగి తీరాలి. మే నెలలో మన ఊళ్ళో నలభై దాటిన ఎండలో నిలబెట్టిన కారులో తారు షీటు మెత్తబడి జారుతుంది, వాసన వస్తుంది.

డోరు అడుగున నీళ్ళు పోయే కంతలు మూయకూడదు. వానపడితే అద్దం వెంబడి నీళ్ళు డోరులోకి దిగుతాయి, బయటికి పోయే దారి అదే. స్పీకరు కింద పెట్టే రింగు ఎండీఎఫ్ చెక్కది ఇస్తే వద్దని ప్లాస్టిక్‌ది తెప్పించుకున్నాను. నవంబరు వానలకు ఎండీఎఫ్ ఉబ్బిపోతుంది.

“యాంప్ కూడా ఇప్పుడే వేసేద్దాం సార్, మళ్ళీ మళ్ళీ ఊడదీసేది ఎందుకు?” అన్నాడు అన్న.

“డోర్లు మళ్ళీ విప్పే పనిలేదులే అన్నా. కొన్నాళ్ళు స్టీరియోతోనే వింటాను. డోర్ల వల్ల ఎంత వచ్చిందో, యాంప్ వల్ల ఎంత వస్తుందో నాకు తెలియాల.”

ఆ కొన్నాళ్ళు వినడం చాలా మంచిదైంది. అదే స్టీరియో, అవే పదిహేను ఇరవై వాట్లు, అయినా తొప్పి తిరిగొచ్చింది. కారు నిలబడి ఉన్నప్పుడు ఆడియోలో ఇంకేం కావాలనిపించేంతగా. రోడ్డెక్కి వాల్యూమ్ పెంచితే మాత్రం మళ్ళీ గొంతు గీరుకునేది. ఇక యాంప్ పని యాంప్‌ది.

యాంప్‌కు నా షరతులు కొన్ని. 4 ఓంలకు 75 వాట్ల ఆర్‌ఎంఎస్ చొప్పున నాలుగు చానళ్ళు. నా స్టీరియో వెనక ఆర్‌సీఏ ఔట్‌పుట్ (యాంప్‌కు సిగ్నల్ పంపే సాకెట్) లేదు కాబట్టి స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోగల హై లెవెల్ ఇన్‌పుట్. సీటు కింద పట్టాలి, వేడి తక్కువ ఉండాలి కాబట్టి క్లాస్ డి. క్లాస్ ఏబీ యాంప్ తీసుకున్న కరెంటులో దగ్గర దగ్గర నలభై శాతం వేడి చేసేస్తే, క్లాస్ డి ఇరవైతో సరిపెడుతుంది. స్టీరియో వెనక తీగలు కోయకుండా, ఆ బండికే సరిపోయే కపులర్లు కొని మధ్యలో కలిపినాము. రేపు కారు అమ్మితే అన్నీ తీసి పాత స్థితికి తేవచ్చు.

వైరింగులో రెండు చోట్ల పట్టుబట్టినాను. ఒకటి ఫ్యూజు. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరుకు, బ్యాటరీకి జానెడున్నర లోపే 40 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. అది యాంప్‌ను కాపాడేందుకు కాదు, ఇంజను వైపు నుంచి లోపలికొచ్చే చోట వైరు రేకుకు ఒరిసి షార్టయితే కారు తగలబడకుండా ఉండేందుకు. ఆ రంధ్రానికి రబ్బరు గ్రామెట్ కూడా తప్పదు. రెండోది ఎర్త్. సీటు బోల్టుకు కలిపేద్దామన్నారు. వద్దని, సీటు కింద ఫ్లోరు రేకు మీద రంగు గీరి, తళతళలాడే లోహం బయటపడ్డాక స్క్రూ వేయించినాను. ఎర్త్ సరిగా లేకపోతే ఇంజను వేగాన్ని బట్టి స్పీకర్లలో ‘కుయ్’ మని ఏడుపు వినబడుతుంది. వైరు 8 గేజి, అసలు రాగి. కత్తితో గీరి చూసినాను, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం, రాగిలో మూడింట రెండొంతుల కంటే తక్కువే కరెంటు మోస్తుంది.

యాంప్‌ను సీటు కింద నేల మీద పెట్టనివ్వలేదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారిన నీళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. గట్టి వానపడితే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు నిలబడతాయి. అందుకే చిన్న స్టాండు చేయించి, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో బిగించినాము. గాలి కూడా ఆడుతుంది.

గెయిన్ అంటే వాల్యూమ్ అనుకుని చాలామంది పూర్తిగా తిప్పేస్తారు. స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టే మీట అది. స్పీకరు తట్టుకునేది 60 వాట్లు, 4 ఓంలు. రెంటినీ హెచ్చిస్తే 240, దాని వర్గమూలం 15.5. స్పీకరు వైర్లు విప్పేసి, బేస్ ట్రెబుల్ సున్నాలో పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర నిలిపి, 1000 హెర్ట్జ్ టోన్ మోగించి, యాంప్ ఔట్‌పుట్ దగ్గర మల్టీమీటరును ఏసీ వోల్టేజిలో పెట్టి 15.5 వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పినాము. అంతకు మించి పెంచుతూ పోతే తరంగం తల తెగుతుంది, ముందు కాలిపోయేది ట్వీటరే. కింది స్థాయి శబ్దాన్ని కోసేసే హై పాస్ ఫిల్టరు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టినాము. చిన్న కోన్ మోయలేని బరువు దానికి పంపకపోతే మిగతాదంతా శుభ్రంగా పలుకుతుంది. తొప్పి బలమంతా దాదాపుగా ఆ హద్దుకు పైనే ఉంది, కోత వల్ల పోయిందేమీ లేదు.

మరుసటి ఉదయం చంద్రగిరి దాటి ఎనభై అందుకున్నాక తని ఆవర్తనం పెట్టినాను. తొప్పి నిలబడింది. దరువు పెరిగేకొద్దీ ఒక్కో దెబ్బ విడివిడిగా, వేళ్ళు చర్మం మీద జారే శబ్దంతో సహా. పూతలపట్టు దాకా ఇంకేదీ మార్చలేదు. వారాంతంలో అమ్మను తిరుచానూరుకు తీసుకుపోతూ సంకీర్తన పెడితే, “వాల్యూమ్ తగ్గించుకున్నావా నాయనా? ప్రతి మాటా తెలుస్తాంది” అనింది. నిజానికి ఎప్పటికంటే ఎక్కువే ఉండింది. గీరుడు లేకపోవడం వల్ల అట్లా అనిపించింది.

ఖర్చు: స్పీకర్లు 11,500, యాంప్ 14,000, రెండు డోర్ల డ్యాంపింగ్ షీట్లు 4,500, వైరింగ్ కిట్టు 3,500, కూలి 3,000. అన్నీ కలిపి 36,500 రూపాయలు. బడ్జెట్ ఇంతకంటే తక్కువ ఉంటే యాంప్‌ను వాయిదా వేయండి, డోర్ల పనిని వేయొద్దు.

నెల తిరిగాక ఎర్త్ స్క్రూ, బ్యాటరీ టెర్మినల్ మరోసారి బిగించుకున్నాను, మన రోడ్ల కుదుపులకు వదులవుతాయి. యాంప్‌లో రెండు చానళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాటిని కలిపితే 4 ఓంలకు 200 వాట్లిస్తుంది. వచ్చే ఏడాది డిక్కీలో పది అంగుళాల సబ్ వూఫర్, అన్ని వైపులా మూసిన పెట్టెలో పెట్టాలనుకుంటున్నాను. గొట్టం ఉన్న పెట్టె గట్టిగా గుమ్మంటుంది గానీ మృదంగం దెబ్బ ఆగాల్సిన చోట ఆగదు. ముందు స్పీకర్లకిచ్చే రెండు చానళ్ళ 150 వాట్లు, దీని 200 కలిపి క్లాస్ డి లెక్కన 14 వోల్టుల దగ్గర చూస్తే సుమారు 31 ఆంపియర్లు. ఇప్పుడున్న వైరు, ఫ్యూజు మార్చే పనిలేదు.