‘వాయిడ్’ అన్న ఒక్క మాటతో ఆరు వారాలు

కావలిలో మా స్థలం మీద ఇంటి లోన్ నిన్న శాంక్షన్ అయింది. ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు దస్తావేజులు, పన్ను రసీదు, ప్లాను అన్నీ వారంలోనే చేతికొచ్చాయి. పని ఆగిపోయింది బ్యాంకు లాయరు ఒపీనియన్ దగ్గర.

నాన్న 1998లో కొన్నప్పుడు ఆ స్థలం పదేళ్ల పిల్లవాడి పేరున ఉంది. తండ్రి లేడు. తల్లి గార్డియన్‌గా సంతకం పెట్టి అమ్మింది, కోర్టు అనుమతి తీసుకోలేదు. దాంతో ఆ లాయరు దస్తావేజు ‘వాయిడ్’ అని రాసేశాడు. కౌంటర్లో ఆఫీసరు పదిమంది వింటుండగా, "మీ దస్తావేజు చెల్లదండీ, చిత్తు కాగితంతో సమానం" అన్నాడు. నాన్న పక్కనే ఉన్నారు. 27 ఏళ్లు పెట్టెలో భద్రంగా దాచుకున్న కాగితం అది. ఇల్లు చేరేదాకా ఆయన నోరు విప్పలేదు. ఆ రోజు నేను జన్మలో మర్చిపోను.

రాత్రి డిక్షనరీ తీశాను. శూన్యం, ఖాళీ, చెల్లనిది అని ఉంది. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి, సీ ప్రోగ్రామింగ్‌లో అయితే ఆ మాట ముందున్న ఫంక్షన్ ఏ విలువా తిరిగి ఇవ్వదని అర్థం అన్నాడు. అదే వారం అమ్మకు నెల్లూరులో స్కానింగ్ తీయిస్తే రిపోర్టులో ‘పోస్ట్ వాయిడ్’ అని కనబడింది. నా గుండె ఆగినంత పనైంది. మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో కొలిచే లెక్కట అది.

చివరికి తెలిసిన పెద్ద లాయరుగారి దగ్గరికి వెళ్లాను. కాగితాలన్నీ చదివి, "అబ్బయ్యా, ఇది వాయిడ్ కాదు, వాయిడబుల్" అన్నారు. మైనరు తనంతట తానే ఒప్పందం రాసిస్తే అది మొదటినుంచీ చెల్లదు, 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన పై కోర్టు) తేల్చింది. తల్లి కోర్టు అనుమతి లేకుండా అమ్మితే మాత్రం 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ వర్తిస్తుంది. పిల్లవాడు కావాలంటే కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవచ్చు, అప్పటిదాకా అమ్మకం చెల్లుతుంది. 18 నిండాక అందుకు గడువు 3 ఏళ్లు. ఆ అబ్బాయికి 2006లో 18 నిండాయి, కోర్టుకు వెళ్లనేలేదు. 2009తో గడువు తీరిపోయింది.

ఫీజు తీసుకుని చట్టం పేజీ తిప్పి చూడని ఆ లాయరును నేను క్షమించలేను. మీకెవరైనా ఇలా చెబితే తలూపి వచ్చేయకండి, ఒపీనియన్ కాపీ అడగండి. ఇవ్వం అంటారు, అయినా అడగండి.

మేనేజరు ఫైలును వేరే లాయరుకు పంపారు. ఎనిమిది రోజుల్లో ఓకే అయింది. ఎల్లుండి అసలు దస్తావేజు బ్యాంకులో ఇవ్వాలి. నేనే ఇస్తానని, అదే కౌంటరుకు నాన్న బయల్దేరుతున్నారు.