ఈసున పుట్టిన ఏడుపు

‘ఈసు’ అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. నాకది తగిలింది ఇంటర్లో బట్టీపట్టిన పద్యంలో. ‘ఈసునఁ బుట్టి డెందమున హెచ్చిన శోకదవానలంబుచేఁ గాసిలి యేడ్చె...’ నంది తిమ్మన పారిజాతాపహరణం. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడని సత్యభామ ఏడుస్తున్న ఘట్టం.

భాష ‘బాస’ అయినట్టే ఈర్ష్య మన నోట్లో నలిగి ఈసు అయింది. అమరకోశం ఈర్ష్యకు ‘అక్షాంతి’ అని అర్థం చెప్పింది, అంటే అచ్చంగా మన ఓర్వలేనితనమే. అసూయను మాత్రం విడదీసింది: గుణంలోనూ దోషం వెతకడమట. మా చెల్లి గృహప్రవేశంలో ఒక చుట్టం వంటగట్టు గ్రానైటును వేలితో రాసి చూసి, “బాగుందే, కాకపోతే మరకలు పడతాయేమో” అంది. అది అసూయ. ఈసు దారి వేరు. మనకు దక్కాల్సింది మనవాడే తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెడితే పుట్టేది. అందుకే కాబోలు, ఈసున పుట్టింది కోపమనలేదు తిమ్మన, శోకమన్నాడు. (సత్యభామ కృష్ణుణ్ణి కాలితో తన్నడం అప్పటికే అయిపోయిందనుకోండి.)

ఆ ఏడుపు గొంతు ఎలా ఉందట? లేత చిగుళ్ళు మేసి వగరెక్కిన ఆడకోకిల గొంతులా. కుమారసంభవంలో కాళిదాసు ‘చూతాంకురాస్వాద కషాయకంఠః’ అన్నది మగకోకిలను. నిజానికి కుహూ కుహూ అని కూసేదీ మగదే. అయినా ఇక్కడ ఏడ్చేది సత్యభామ, తిమ్మన మార్చక ఏం చేస్తాడు!

ఈసు వాడుకలోంచి జారిపోయినా ఏడుపు ఎక్కడికీ పోలేదు. “మమ్మల్ని చూసి ఏడుస్తున్నారు” అంటాం, చుక్క కన్నీరు లేకపోయినా. ఆటోల వెనక ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాయించుకుంటారు, పక్కన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుంటాయి. కడుపుమంట ఉంది, కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం ఉంది. తిమ్మన చెప్పిన కార్చిచ్చు చిన్న చిన్న కుంపట్లుగా ఇంటింటా ఉందన్నమాట.

ఆ ఒక్క పువ్వు కోసం కృష్ణుడు ఇంద్రుడితో పోరాడి, చెట్టునే తెచ్చి సత్యభామ పెరట్లో నాటాడు. చెట్టు సత్యదే గానీ, పూలన్నీ గోడ దాటి రుక్మిణి వాకిట్లో రాలేవని జనం చెప్పుకుంటారు. ఈ ముక్క ఏ సవతి కలిపిందో మరి!