కాలం ముందువెనకలయ్యే నాటకం: రాతబల్ల నుంచి రంగస్థలం దాకా

మొదటి సీన్లో శవం. వెంటనే మైకులో ఒక గంభీరమైన గొంతు, "ఇరవై ఏళ్ల క్రితం..." అని. ఆ తర్వాత నలభై నిమిషాలూ కథ మామూలు వరుసలోనే నడుస్తుంది. నాటక పరిషత్తుల పోటీల్లో ఇలాంటి నాటికలను ప్రయోగం అంటుంటారు. నిజానికి అది వరుస కథే, చివరి సీను తీసి ముందు అతికించారంతే. ప్రేక్షకుడికి శవం ఎవరిదో తెలుసుకోవాలన్న కుతూహలం తప్ప ఇంకేమీ దక్కదు.

వరుస తప్పించడానికి ఒక లెక్క ఉండాలి. ప్రేక్షకుడికి తెలిసినదానికీ, ఆ క్షణంలో పాత్రకు తెలిసినదానికీ మధ్య తేడా ఎక్కడ పెంచాలి, ఎక్కడ తుంచాలి అన్నదే ఆ లెక్క. ఇంగ్లిష్ నాటకకర్త హెరాల్డ్ పింటర్ 1978లో లండన్ నేషనల్ థియేటర్‌కి ఇచ్చిన 'బిట్రేయల్' నాటకం దీనికి మంచి పాఠం. తొమ్మిది సీన్లు. 1977లో మొదలై 1968లో ముగుస్తుంది కాబట్టి అందరూ దాన్ని వెనక్కి నడిచే నాటకం అంటారు. తేదీలు రాసుకుని చూస్తే అలా లేదు. ఎనిమిది మార్పుల్లో ఐదే వెనక్కి వెళతాయి, మూడు ముందుకు వస్తాయి. రెండో సీను మొదటిదాని తర్వాతి ఘట్టం. ఐదు, ఆరు, ఏడు సీన్లు మూడూ 1973వే, వరుసగా ముందుకే నడుస్తాయి. ఎందుకంటే ఐదో సీన్లో, వెనిస్ హోటల్ గదిలో, భార్యకూ తన ప్రాణస్నేహితుడికీ మధ్య ఉన్న సంబంధం భర్తకు తెలిసిపోతుంది. ఆ వెంటనే వెనక్కి పోతే ఆ తెలిసిన సంగతికి రంగం మీద పనే ఉండదు. పింటర్ ముందుకు వచ్చాడు కాబట్టి ఏడో సీన్లో ఇద్దరు స్నేహితులూ హోటల్లో భోజనానికి కూర్చుంటే, భర్త ఏం దాచుకుని మాట్లాడుతున్నాడో మనకు తెలుసు, ఎదుటివాడికి తెలియదు. వడ్డించే తిండి గురించి, ఏవో పుస్తకాల గురించి మాటలు నడుస్తున్నా హాలంతా బిగుసుకుపోతుంది.

వెనక్కి నడవడం పడమటివాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. కేరళలో ఆడే సంప్రదాయ సంస్కృత నాటకం కూడియాట్టంలో నిర్వహణం అనే భాగం ఉంది. పాత్ర ప్రవేశం అయ్యాక కథ అక్కడే ఆగిపోతుంది. నటుడు ఒక్కడే "దీనికి ముందు ఏమైంది? దానికి ముందు?" అని ప్రశ్నలు వేసుకుంటూ గతంలోకి దిగుతాడు. అది అనుక్రమం. ఒక మొదలు దొరికాక అక్కణ్ణుంచి సంక్షేపంగా ముందుకు నడిచి, కథ ఆగిన చోటికి చేరతాడు. దీనికి రోజులు పడుతుంది, జనం కూర్చుని చూస్తారు. వెనక్కి వేసిన ప్రతి అడుగూ ఒక ప్రశ్నకు జవాబు కాబట్టే కూర్చోగలుగుతారు.

రాసేటప్పుడు ఇదే పద్ధతి పనికొస్తుంది. ఒక్కో సీనుకు ఒక్కో అట్టముక్క తీసుకోండి. పై మూలన కథలో అది ఎప్పుడు జరిగిందో రాయండి, కింది మూలన రంగం మీద ఎన్నోదో రాయండి. రంగం వరుసలో నేల మీద పరిచి, ప్రతి రెండు ముక్కల మధ్యా ఒక చీటీ పెట్టండి. ముందు సీను లేపిన ఏ ప్రశ్నకు తర్వాతి సీను జవాబు చెబుతోందో ఆ చీటీ మీద ఒక్క వాక్యంలో రాయాలి. చీటీ ఖాళీగా మిగిలిన చోట ఆ మార్పుకు కారణం లేదని అర్థం. తర్వాత ముక్కలన్నీ తేదీల వరుసలో మళ్లీ పరిచి చదవండి. కథ అలాగే ఎక్కువ బాగుందనిపిస్తే అలాగే ఆడెయ్యండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

"ఇది ఎప్పటి సంగతి?" అన్న అయోమయం సీను మొదలైన మూడు నాలుగు మాటల్లో తీరిపోవాలి. దానికి మైకులో గొంతు అక్కర్లేదు, తెలుగు పిలుపులే చాలు. "బావా, నువ్వు రావా?" అన్న పిల్లే మరో సీన్లో "ఏవండీ, మిమ్మల్నే" అంటే మధ్యలో పెళ్లయిందని వెనక వరుసవాళ్లకు కూడా తెలుస్తుంది. "మా బాబు వాళ్ల నాన్న" అంటే ఇంకొన్నేళ్లు గడిచాయి. ట్రంక్‌కాల్, ఎస్టీడీ బూత్, సెల్‌ఫోన్ కూడా ఇలాంటి గుర్తులే. సీనుకు ఒకటి చాలు, మూడూ కలిపితే క్విజ్ అయిపోతుంది.

ఇక రిహార్సల్స్. మొదటి వారం తేదీల వరుసలోనే చేయించాలి. నటుడి ఒంటికి ముందు జీవితం ఎక్కాలి, ముక్కలు తర్వాత. ప్రతి నటుడూ తన సీన్లన్నిటికీ ఒక పట్టిక రాసుకోవాలి: ఈ సీను నాటికి నాకేం తెలుసు, ఏం దాస్తున్నాను, ఒంట్లో ఎలా ఉంది. రెండో వారం నుంచి రంగం వరుస. అక్కడే అసలు జబ్బు బయటపడుతుంది. వెనక్కి నడిచే కథలో రంగం మీద చివరి సీను కాలంలో అన్నిటికంటే మొదటిది. ఆ పాత్రలకు ఇంకా ఏ కష్టమూ రాలేదు. కానీ నటులు గంటసేపు ఏడుపుల్లో నడిచి వచ్చారు. అందుకే "రేపు సినిమాకి వెళదామా?" అన్న మాట కూడా సానుభూతి సభలో మాట్లాడినట్టు వస్తుంది. ప్రేక్షకుడు పడాల్సిన బాధ నటుడే పడేస్తే హాల్లోకి ఏమీ రాదు. విరుగుడు ఏమిటంటే, చివరి సీనును ఏ రోజుకారోజు రిహార్సల్ మొదట్లో, ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడు ఒకసారి ఆడించాలి. ఆ వేగాన్ని వాచీ పెట్టి కొలవాలి. పూర్తి రన్‌లో అదే సీనుకు నిమిషం ఎక్కువ పట్టిందంటే నటుడు ముందే దుఃఖపడుతున్నట్టు లెక్క.

సంభాషణల్లో ఇంకో గొయ్యి ఉంది. ఇలాంటి నాటకాల్లో ఒకే మాట రెండు మూడు చోట్ల రావడం రచయితలకు మహా ఇష్టం. మూడో సీన్లో "ఇంకా పడుకోలేదా?", తొమ్మిదో సీన్లోనూ "ఇంకా పడుకోలేదా?". ప్రదర్శన రోజు నటుడు మూడో సీన్లో తొమ్మిదో సీను జవాబు చెప్పేస్తాడు. ఎదుటివాడు అందుకుంటాడు. మధ్యలోని అరగంట మాయం, లైట్లాయన నోరు తెరుచుకుని చూస్తుంటాడు. తిరిగొచ్చే ప్రతి మాటకూ ముందు వచ్చే మాట వేరుగా ఉండాలి, చేసే పని కూడా వేరుగా ఉండాలి: ఒకచోట నిలబడి తలుపు గడియ వేస్తూ, ఇంకోచోట కూర్చుని బట్టలు మడుస్తూ. జారిపోతే వెనక్కి లాగే మాట ఒకటి ఎదుటి నటుడికి ముందే కట్టబెట్టాలి. పక్కనుంచి మాట అందించే ప్రాంప్టర్ చేతిలో విడికాగితాలు ఉండకూడదు, రంగం వరుసలో కుట్టిన ప్రతి ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ నాటకాలను చంపేది బ్లాకౌట్, అంటే సీనుకూ సీనుకూ మధ్య లైట్లన్నీ ఆర్పెయ్యడం. పన్నెండు సీన్లంటే పదకొండు మార్పులు. ఒక్కోదానికి ఇరవై సెకన్లు వేసుకున్నా 220 సెకన్లు, అంటే నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ చీకటి. పైగా ఆరుబయట పరిషత్తు వేదిక మీద చీకటి చీకటిగా ఉండదు. పక్కన టీకొట్టు ట్యూబులైటు వెలుగులో కుర్చీలు మోసేవాళ్లు బ్రహ్మాండంగా కనిపిస్తారు. ముందు సీను ఆఖరి మాట పూర్తవకముందే తర్వాతి సీను మనిషి లోపలికి రావాలి. రెండు కాలాలూ రెండు మూడు సెకన్లు ఒకే వెలుగులో నిలబడాలి. ఇంగ్లిష్ నాటకకర్త టామ్ స్టాపార్డ్ 1993 నాటి నాటకం 'ఆర్కేడియా'లో ఒకే గది, ఒకే బల్ల. 1809 నాటివీ నేటివీ వస్తువులు ఆ బల్ల మీదే పోగవుతాయి, ఎవరూ తీసెయ్యరు. చివరి సీనుకు రెండు కాలాల మనుషులూ ఆ బల్ల చుట్టూనే తిరుగుతుంటారు. మోసుకెళ్లాల్సిన సామాను లేకపోతే బ్లాకౌట్ అవసరమూ ఉండదు.

ఆహార్యంలో చీరతోనే తంటా. ఇద్దరు సాయం పట్టినా కట్టు మార్చడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. అందుకే చీర మార్చకండి, కొంగు మార్చండి. పిన్ను పెట్టిన కుచ్చిళ్ల కొంగు ఒక కాలం, నడుముకు దోపిన కొంగు ఇంకో కాలం. జడ అల్లడానికి సమయం పడుతుంది, క్లిప్పుతో ముడి క్షణంలో పడుతుంది, క్షణంలో జారుతుంది. మగవాళ్లకు కళ్లజోడో కండువానో చాలు. తలకు తెల్ల పౌడరు మాత్రం వద్దు, ఒకసారి పూస్తే ఆ రాత్రికి ముసలాడే. ఈ మార్పు రంగం పక్కన తెరచాటు వింగ్‌లో కాకుండా ప్రేక్షకుల ముందే జరిగితే మొదటి రెండు మూడుసార్లకే గుర్తు పట్టేస్తారు, తర్వాత సగం చేసినా అర్థమవుతుంది.

గతానికి పసుపు లైటు, వర్తమానానికి తెలుపు అన్న అలవాటు రెండు కాలాల కథకు సరే. మూడో కాలం రాగానే నీలం వేస్తారు, నటుల మొహాలు పాలిపోతాయి. రంగును మనసు స్థితికి వదిలేసి, కాలానికి శబ్దం పెట్టుకోవడం మేలు: ఒకదానికి కుక్కర్ విజిల్, ఒకదానికి రైలు కూత. లైట్లాయన చాలాసార్లు ఆ సాయంత్రమే స్క్రిప్టు చూస్తాడు. ఆయనకిచ్చే కాగితంలో కథ తేదీలు ఉండకూడదు, రంగం మీది వరుస నంబరూ, ఏ మాటకు లైటు మారాలో అదీ ఉంటే చాలు. రెండు అంకెలు కనిపిస్తే ఏదో ఒకచోట తప్పు అంకె పట్టుకుంటాడు.

ప్రదర్శనకు నాలుగైదు రోజుల ముందు, కథ తెలియని ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి పూర్తి రన్ చూపించండి. అయ్యాక ఆ అట్టముక్కల్నే, రెండు మూలల్లోని అంకెలూ తేదీలూ కనబడకుండా కాగితం అంటించి, చేతికిచ్చి తేదీల వరుసలో పేర్చమనండి. పక్కపక్కనుండే రెండు ముక్కలు తారుమారైతే పట్టించుకోనక్కర్లేదు. ముగ్గురూ ఒకే ముక్కను తప్పు చోట పెడితే ఆ సీనుకు పిలుపో వస్తువో చాల్లేదన్నమాట, ఆ రాత్రే ఒక మాట కలపాలి. ముగ్గురికీ అన్నీ సరిగ్గా వచ్చి, "కానీ ఆవిడ ఎందుకు వెళ్లిపోయింది?" అని అడిగారంటే మాత్రం మాటలు కలిపితే సరిపోదు. మళ్లీ నేల మీద ముక్కలు పరిచి చీటీలు చదవాల్సిందే.