అడగకుండా వచ్చిన రెండో వరుస

పొద్దున్నే కూర్చుని, నేను కడుతున్న సోషల్ యాప్‌లో ఫాలో బటన్ పని ముగించేద్దామనుకున్నాను. గంట చాలనుకున్నా, భోజనాల వేళ దాటాక గానీ తెమల్లేదు.

కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టు చిన్నదే. సీత రవిని ఫాలో అయింది, రవి ఎవరినీ ఫాలో అవలేదు. అంటే రవి ఫాలో అయ్యేవాళ్ల జాబితా ఖాళీగా ఉండాలి. ఉంటేగా! అందులో సీత దర్జాగా కూర్చుని ఉంది. పేజీని తయారుచేసే కోడ్, అంటే వ్యూలో వెతికాను, టెస్టులో పేర్లు తారుమారు చేశానేమోనని చూశాను. చివరికి డేటాబేస్ తెరిస్తే రెండు వరుసలు కనిపించాయి. సీత నుంచి రవికి ఒకటి, రవి నుంచి సీతకి ఒకటి. రెండోది నేను రాయలేదు.

నేను వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో. అందులో ఒక మోడల్‌ని, అంటే డేటాబేస్ పట్టికని, దానితోనే మెనీ టు మెనీగా (ఎందరితోనైనా ఎందరినైనా) కలిపితే, అది స్నేహమే అనుకుంటుంది. నేను నీ స్నేహితుణ్ణయితే నువ్వూ నా స్నేహితుడివేగా అని ఎదురు వరుస తనే రాసేస్తుంది. వద్దంటే సిమెట్రికల్ ఫాల్స్ అని చెప్పాలి. డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే, ఎప్పుడో చదివిందే. పూటంతా పోయినా తిట్టబుద్ధి కాలేదు. లోకంలో అభిమానాలన్నీ రెండు వైపులా ఉంటాయని నమ్మే అమాయకుణ్ణి ఏం తిడతాం?

జాంగో పుట్టుక కూడా అలాంటిది. కాన్సస్‌లోని లారెన్స్‌లో ఒక పత్రిక వెబ్‌సైట్ల కోసం మొదలై, 2005లో అందరికీ విడుదలైంది. వార్త రాసేవాళ్లకీ దిద్దేవాళ్లకీ కావలసిన అడ్మిన్ పేజీ చేతికి సిద్ధంగా అందిస్తుంది. చదివేవాళ్లు ఒకరినొకరు వెంబడించడం, అలగడం, బ్లాక్ చేసుకోవడం మాత్రం మనమే కట్టుకోవాలి. ఆ లోటు కోసమే 2008లో జేమ్స్ టాబర్ పినాక్స్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. స్నేహితులు, నోటిఫికేషన్లు, ట్యాగులు విడివిడి యాప్‌లుగా ఉంటాయి, కావలసినవి తెచ్చి తగిలించుకోవడమే. ఆలోచన నాకిప్పటికీ నచ్చుతుంది. కానీ ఫాలో, బ్లాక్ లాంటివి సొంతంగా రాసుకోవడమే మేలనిపిస్తుంది. అవి యాప్ గుణాన్నే నిర్ణయిస్తాయి.

మధ్యాహ్నం ఫీడ్. 20 పోస్టులు చూపించడానికి డేటాబేస్‌ని 41 సార్లు అడగడం, అంటే 41 క్వెరీలు! పోస్టులకి ఒకటి, రాసినవాళ్ల కోసం ఇరవై, వాళ్ల ప్రొఫైల్ ఫొటోల కోసం ఇంకో ఇరవై. సంబంధమున్న వివరాలన్నీ ఒకేసారి తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ పెట్టగానే ఒకటికి దిగింది. ఇవాళ్టికి సులువుగా దొరికిన సంతోషం ఇదొక్కటే.

సాయంత్రం బ్లాక్ దగ్గర మళ్లీ ఇరుక్కున్నాను. ప్రతి వ్యూలో విడిగా చూసుకుంటే ఎక్కడో ఒకచోట మర్చిపోతాను కాబట్టి, ఫలానా మనిషికి ఏవి కనిపించాలో తేల్చే పద్ధతిని, డేటాబేస్ నుంచి వరుసల్ని తెచ్చే క్వెరీసెట్‌లోనే రాశాను. రవిని సీత బ్లాక్ చేస్తే అతని కామెంటు ఆమెకి మాయం. బానే ఉంది. తీరా చూస్తే పైన "3 కామెంట్లు" అనే ఉంది, కింద ఉన్నవి రెండే. ఆ అంకెని పోస్టుతోపాటే డేటాబేస్‌లో రాసిపెడుతున్నాను, అది అందరికీ ఒకటే. మనిషికో అంకె చూపించాలంటే ప్రతిసారీ లెక్కపెట్టాలి, ఫీడ్ నెమ్మదిస్తుంది. అలాగే వదిలేస్తే, దాక్కున్నవాడి కాళ్లు తెర కింద కనిపిస్తున్నట్టే.

సీతకి రెండే కనిపించాలని టెస్టు రాసి, ఎర్రగా ఫెయిలవుతుంటే అలాగే వదిలేసి లేచాను.